ఛత్తా బజారులో ఒక లకోటా

హైదరాబాదు చూడబోయినవాళ్ళు నయాపూల్ దాటి, మదీనా దగ్గరనుంచి ముక్కుసూటిగా చార్మినారు వైపు నడుస్తారే తప్ప, ఎడమచేతి వీధుల్లోకి తిరిగేవాళ్ళు తక్కువ. గాజులూ ముత్యాలూ అటే ఉన్నాయి గనుక వాళ్ళను అనడానికి లేదు. కాని ఒక్కసారి ఎడమకు తిరిగి చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ పురానీ హవేలీకీ నడుమ ఒక పేట వస్తుంది. ముందు అచ్చుయంత్రాల చప్పుడు వినిపిస్తుంది. తరువాత సిరా వాసన వేస్తుంది. ఆ తరువాత తోపుడుబండి మీద కాగితం రీములు వేసుకుని, 'జరగండి, జరగండి' అని కేకలు పెడుతూ వచ్చే కుర్రవాడు మీ మోచేతిని రాసుకుంటూ పోతాడు. ఛత్తా బజారులో ప్రవేశించారన్నమాట.

పెళ్ళి కుదిరిన ఇళ్ళవాళ్ళకు ఈ వీధి కొత్త కాదు. శుభలేఖలు వేయించుకోవడానికి జిల్లాల నుంచి కూడా వస్తారు. కొట్లన్నీ చిన్నవి. కూర్చోవడానికి రెండు స్టూళ్ళుంటే గొప్ప. కాని గోడలు మాత్రం నేలనుంచి కప్పుదాకా నమూనాలతో నిండి ఉంటాయి. ఒకే మేకుకు వినాయకుడి శుభలేఖా, నెలవంక ఉన్న రుఖ్ఖా వేలాడుతుంటాయి. రుఖ్ఖా అంటే హైదరాబాదు ముస్లిముల ఇళ్ళల్లో పెళ్ళిపిలుపు కాగితం. ఆ పక్కనే శిలువా, దాని పక్కన బాపు గారి బొమ్మను పోలిన వాలుజడ పెళ్ళికూతురూను. బేరం మాత్రం అందరికీ ఒకే భాషలో సాగుతుంది. దానికి దక్కనీ అని పేరు పెట్టారు గాని, అందులో సగం చేతులు ఊపడమే.

నేను వెళ్ళింది మా అక్కయ్య కూతురి పెళ్ళికి రెండువందల శుభలేఖలు వేయించడానికి. మేనమామను గదా, తప్పదు. కార్డు సంగతి అరగంటలో తేలిపోయింది. తేలనిది కవరు సంగతి. ఈ రోజుల్లో కవర్లు చూస్తే కళ్ళు చెదురుతాయి. మఖమల్ గుడ్డ అంటించినవి, బంగారు రేకు ఒత్తినవి, లేజరుతో జాలీ కిటికీల్లా చెక్కినవి, పెట్టెలా తెరుచుకునేవి. ఇంత వైభవం మీదా, ఎవరికి పంపుతున్నామో వారి పేరు దగ్గరికి వచ్చేసరికి, మందుసీసా మీద అంటించినట్టు తెల్లటి చీటీ! కంప్యూటరులో పేర్లన్నీ వరసగా కొట్టి, కత్తిరించి, అంటించి ఇస్తారట. పెళ్ళికి పిలుస్తున్నది మనిషిని గదా, ఆ మనిషి పేరొక్కటే ఎవరి చేతా రాయబడని పేరు కావడం నాకు నచ్చలేదు.

నా నచ్చడం మాట ఎలా ఉన్నా, నాకు వేరొకరి ఆజ్ఞ ఉంది. హనుమకొండలో మా పెదనాన్నగారున్నారు. ఎనభై ఎనిమిదో ఏడు. నిజాము రాజ్యంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం ఆయనది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం ఇండియన్ యూనియనులో కలిసేనాటికి ఆయనకు పన్నెండేళ్ళు. ఇప్పటికీ లెక్కలు మనసులో ఉర్దూలోనే వేసుకుంటారు. బడిలో ఒకే బెంచీమీద కూర్చున్న స్నేహితుడొకాయన ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరి, అక్కడే రిటైరై, మలక్‌పేటలో స్థిరపడ్డాడు. అరవై ఏళ్ళకు పైగా ఇద్దరూ ఉర్దూలో ఉత్తరాలు రాసుకున్నారు. నాలుగేళ్ళనాడు పెదనాన్నగారి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఆయన రాయడం మానేశారు. అవతలాయనకు చెవుడు. టెలిఫోను పనికిరాదు.

"వాడికి పోయే కవరు మీద ఉర్దూల రాయించు బిడ్డా," అన్నారు పెదనాన్నగారు, నేను బయలుదేరుతూంటే. సరే అన్నాను. ఆయన నా చెయ్యి వదలలేదు. "మంచిగ రాయించు. మా వయసోళ్ళకు తెలియని దస్తూరీతోటి కవరొస్తే ఒక్కటే అర్థం. విప్పకముందే వాడు బెదురుకోవద్దు."

ఈ మాట నన్ను బస్సులో హైదరాబాదు దాకా వదలలేదు. చావు కబురు తెచ్చే కార్డును చదవగానే చించి, ఇంట్లోకి రానివ్వకుండా పారేసిన పెద్దవాళ్ళను నేనూ చూశాను. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాసేదీ ఇందుకే గదా. లోపల ఏముందో కవరు ముందే చెప్పాలి. ఉర్దూ కవరుకు ఆ పసుపు ఎవరు రాయాలి?

ఛత్తా బజారులో నాలుగైదు కొట్లలో అడిగాను. "చేత్తోనా? ఎందుకు సార్, కంప్యూటర్ల బ్రహ్మాండంగ వస్తది" అన్నారు అందరూ. వాళ్ళ మాటలో అబద్ధం లేదు. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిని అచ్చుకు లొంగదీయడానికి ఎంత పెనుగులాట జరిగిందో మనకు తెలియదు. మన తెలుగుకు సీసపు అచ్చులు పోతపోసి రెండు శతాబ్దాలు దాటింది. నస్తాలీఖులో మాటలు సమంగా ఒక గీతమీద నిలబడవు. కుడినుంచి ఎడమకు, పైనుంచి కిందికి ఏటవాలుగా జారతాయి. పక్క అక్షరాన్నిబట్టి ఒక్కొక్క అక్షరమూ రూపు మార్చుకుంటుంది. అందుకని ఉర్దూ పత్రికలూ పుస్తకాలూ చాలాకాలం సీసపు అచ్చు జోలికి పోకుండా, కాతిబు చేత్తో రాసినదాన్ని రాతిమీదికి ఎక్కించి లిథో పద్ధతిలో వేసేవి. దినపత్రిక అంటే తెల్లవార్లూ కూర్చుని రాసే కాతిబుల వరస అన్నమాట. మద్రాసులో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఎన్నో ఏళ్ళు చేత్తోనే రాయించింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే పాకిస్తానీ కళాకారుడు వేలకొలది అక్షరాల జతలను చేత్తో రాసి ఇస్తే, 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటరు లిపి వెలువడింది. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. దానితో కాతిబుల కలాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

అడగ్గా అడగ్గా ఒక కుర్రవాడు, "మా తాతున్నడు, పైకి పోండ్రి" అని ఇనపమెట్లు చూపించాడు. పైన మనిషి నిలబడితే కప్పు తగిలేటంత గది. కిటికీ దగ్గర చాపమీద, ఒక మోకాలు పైకి మడిచి, దానిమీద అట్ట ఆనించుకుని కూర్చున్నాడాయన. డెబ్భై దాటి ఉంటాయి. పుట్టింది మహబూబ్‌నగర్ పక్క పల్లె కావడాన చక్కని తెలుగు మాట్లాడాడు. నేను తెలుగు లెక్చరరునని తెలిసి, "గట్లనా! అయితే అక్షరం విలువ మీకు నేను జెప్పేదేముంది, కూసోండ్రి" అన్నాడు.

ఆయన కలం రెల్లుజాతి గట్టి పుల్లది. కత్తితో ఏటవాలుగా కొన కోసి, నడుమ సన్నని చీలిక పెడతాడు. సిరాబుడ్డిలో పట్టుపీచు ఉండ ఒకటి వేసి ఉంది. కలం దానిమీద ఒత్తి తీస్తే సిరా ఎక్కువా కాదు, తక్కువా కాదు. దీపపు మసీ, తుమ్మజిగురూ కలిపి నూరిన సిరా అది. చిన్నప్పుడు చెక్కపలక మీద ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, రాసి, కడిగి, మళ్ళీ పూసి, ఇలా ఎన్నో ఏళ్ళు చేస్తే గాని ఉస్తాదు కాగితం చేతికివ్వలేదట.

"ఏ ఖత్తుల రాయాలె?" అని అడిగాడు. నేను తెల్లమొహం వేశాను. అప్పుడాయన పాత వార్తాపత్రిక ఒకటి తీసి, మా పెదనాన్నగారి స్నేహితుడి పేరునే రకరకాల రాతల్లో రాసి చూపించాడు. ఒక్కొక్కటీ కళ్ళముందు పుట్టడం చూశాను గనుక ఆ తేడాలు చెప్పగలను.

మొదటిది నస్ఖ్. నిటారుగా, గుండ్రంగా, ఎవరికీ ఏ అనుమానమూ రానివ్వకుండా నిలబడే రాత. ఖురాను ప్రతులు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి. చదవడానికి హాయి. "కాని కవరు మీద ఇది మౌల్వీసాబ్ లెక్కుంటది" అన్నాడాయన. రెండోది సులుస్. నిలువుగీతలు జెండాకర్రల్లా లేస్తాయి. మసీదుల మీదా, సమాధుల మీదా కనిపించేది ఎక్కువగా ఇదే. మూడోది షికస్తా, అంటే విరిగినది. దఫ్తరుల్లో మునిషీలు వేగంకోసం అక్షరాలను విరిచి, కలిపి, దూకించి రాసిన రాత. చూడడానికి గాలికి రేగిన జుట్టులా ఎంతో అందంగా ఉంది. అయితే చదవగలిగినవాళ్ళు అరుదు. నాలుగోది తుగ్రా. పేరులోని అక్షరాలన్నింటినీ ఒకదానిలో ఒకటి అల్లి ఒక ముద్రలాగా చేయడం. ఆటోమాను సుల్తానుల సంతకాలు ఈ తీరువి. మన దక్కనులో గుర్రం ఆకారంలో, సింహం ఆకారంలో కూడా అక్షరాలు అల్లారు. మన చిత్రకవులు ఖడ్గబంధమూ నాగబంధమూ కట్టారు గదా, ఇది దాని అన్నదమ్ముడు. అందులోలాగే ఇందులోనూ నైపుణ్యం ముందు కనిపించి, విషయం వెనక కనిపిస్తుందని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు.

చివరిది నస్తాలీఖ్. కలం కాగితాన్ని తాకినప్పుడు వెంట్రుకవాసి గీత. జారుతూ జారుతూ పొట్ట దగ్గరికి వచ్చేసరికి నిండు వెడల్పు. మళ్ళీ చివర సూదిమొన. పధ్నాలుగో శతాబ్దిలో మీర్ అలీ తబ్రీజీ అనే ఇరానీ లేఖకుడు దీనికి రూపు దిద్దాడనీ, ఆయనకు కలలో బాతుల రెక్కలు కనిపించాయనీ ఒక కథ చెబుతారు. దీనికీ లెక్క ఉంది. కలం కొనతో వేసిన చుక్కే కొలమానం. సులుస్‌లో 'అలిఫ్' ఏడు చుక్కల ఎత్తు, నస్ఖ్‌లో అయిదు, నస్తాలీఖ్‌లో మూడే. అందుకే దాని నిలువు తగ్గి, వాలు హెచ్చి, కూర్చుని మాట్లాడుతున్న మనిషిలా ఉంటుంది.

"మీరు జల్ది చేయకుండ్రి. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూసి రాపోండ్రి, అప్పుడు మాట్లాడుదాం" అని నన్ను పంపించాడు. నాలుగడుగుల దూరమే. చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. గోడలమీది రంగుపలకలు 1611 నాటివి. నీలమూ, పసుపూ, ఆకుపచ్చా కలిసిన ఆ పలకలమీద అక్షరాలు ఆకుల్లో ఆకులై, ఆలములనే పీరుల ఆకారంలో పైకి లేచి ఉంటాయి. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతింటే తరువాత రంగులు పూసి పూరించారు. ఆ అతుకు దగ్గర నిలబడి చూడండి. పైన అక్షరానికి ప్రాణముంది. కింద దాని ఛాయ ఉంది. కాతిబు నన్ను ఎందుకు పంపాడో అక్కడ బోధపడింది. అక్షరం నేర్చిన చెయ్యీ, అక్షరాన్ని చూసి దించిన చెయ్యీ నాలుగువందల ఏళ్ళ తరువాత కూడా దాగవు.

తిరిగి వస్తూ ఆ 'ఖత్తు' అన్న మాట గురించే ఆలోచించాను. వృత్తి మాటల దగ్గర కదా! ఉర్దూలో ఖత్ అంటే గీత. ఖత్ అంటే చేతిరాత. ఖత్ అంటే ఉత్తరం. మన 'లేఖ' కూడా సరిగ్గా అంతే. గీతా అదే, రాతా అదే, జాబూ అదే. ఒకరినుంచి ఒకరు తెచ్చుకోకుండానే రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి. తెచ్చుకున్నవి వేరే ఉన్నాయి. కలం, కాగితం, జవాబు, అందులోంచి జాబు, ఇవన్నీ అటునుంచి వచ్చినవే. 'చిరునామా' అన్నది కూడా పారసీకుల 'సర్‌నామా', అంటే ఉత్తరం తలమీద రాసేది. మనవాళ్ళు దాన్ని 'చిరు' చేసి ముద్దుగా తెలుగు చేసుకున్నారు. ఉత్తరం అనే మాట మనదే అయినా, దానికి కావలసిన సామానంతా పొరుగింటిదన్నమాట.

అలంకరించిన కవర్ల మాటకొస్తే, మఖమల్ అంటించిన ఇప్పటి పెళ్ళికవరు కొత్త వింత ఏమీ కాదు. నవాబులూ వైస్రాయిలూ రాసుకున్న లేఖలకు 'ఖరీతా' అని ఒక సంచి ఉండేది. బంగారు పొడి చల్లిన కాగితంమీద లేఖ రాసి, మడిచి, ముందు సన్నని మల్లుగుడ్డ సంచిలో పెట్టి, దాన్ని జరీ కిన్‌కాబు సంచిలో పెట్టి, పట్టుతాడు బిగించి, లక్కముద్ర వేసేవారు. క్రమంగా సంచి పేరే లోపలి లేఖకూ వచ్చింది. లోపలి మాట పొడిగా ఉన్నా సంచి మెరుస్తూ ఉండాలన్నది దర్బారు మర్యాద. మా పెదనాన్నగారి సమస్య దీనికి సరిగ్గా తలకిందులు.

కాతిబుకు ఆ సమస్య అంతా చెప్పాను. ఆయన కలం కింద పెట్టి విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నల్లసిరా వద్దు" అన్నాడు. దానిమ్మపువ్వు రంగు సిరా కలిపాడు. కవరు మీద పైన ఒక మూలకు 'షాదీ ముబారక్' అని చిన్న తుగ్రా. అంటే, దూరంనుంచే పెళ్ళి అని తెలియాలి. నడుమ నిండు నస్తాలీఖులో పేరు. పేరుకు ముందు, చదువుకున్న పాతకాలపు పెద్దమనిషికి తగిన గౌరవవాచకం. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క మాటా రాశాడు. మాట పూర్తయ్యేదాకా కలం ఎత్తడు, ఎత్తాక గాని ఊపిరి వదలడు. కింద నుంచి యంత్రం చప్పుడుకు గది అదురుతూనే ఉంది. ఆయన చెయ్యి అదరలేదు.

రాశాక ఎడమవైపు అడుగున రెండు వేళ్ళ మేర ఖాళీ వదిలాడు. "పంపేవారి పేరు?" అన్నాను.

"అది నేను రాయ. ఆయననే రాయమనండి."

"ఆయన చెయ్యి వణుకుతుంది సాబ్."

"వణకనియ్యండి. నేనెంత మంచిగ రాసినా ఆ దోస్తుకు నేను పరాయోన్నే. వంకర రాసినా అది ఆయన ఖత్తు. అది చూసినంక ఇంక బెదురెందుకు?" అన్నాడు. డబ్బు చాలా తక్కువ పుచ్చుకున్నాడు. మిగతా నూట తొంభై తొమ్మిది కవర్ల సంగతి అడిగితే, "తెలుగు నాకు నోటికే వచ్చు, చేతికి రాదు" అని నవ్వేశాడు.

ఆ తెలుగు కవర్ల కథ పొట్టిది. హనుమకొండలో ఇదివరకు దుకాణాల బోర్డులు రాసిన ఒక ఆర్టిస్టును పట్టుకున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెకూ పని తగ్గింది. కాతిబు రాత చూసివచ్చిన మైకంలో నేను వెడల్పు కలంతో తెలుగు రాయించి చూశాను. బాగా రాలేదు. మన అక్షరం ఆ కోతకు పుట్టినది కాదు. తాటాకు మీద ఘంటంతో గీసేటప్పుడు అడ్డగీత ఆకును చీలుస్తుంది గనుక మన అక్షరం గుండ్రన తిరిగింది. గీత మందం అంతటా ఒకటే. దాని అందం లావుసన్నాల్లో లేదు, తిరుగుడులో ఉంది. తలకట్టు ఎగిరే తీరులో, ఒత్తు కిందికి దిగి ఆనుకునే తీరులో ఉంది. 2014లో కన్నుమూసిన బాపు గారికి ఈ రహస్యం తెలుసు. వారపత్రికల్లో ఆయన రాసిన శీర్షికలు చూడండి, అక్షరం నడుస్తున్నట్టుంటుంది గాని నిలబెట్టినట్టుండదు. తరువాత ఆ చేతిరాతే కంప్యూటరు లిపి అయింది. సగం శుభలేఖలు ఇప్పుడు అందులోనే వస్తున్నాయి. మా ఆర్టిస్టు గుండ్రటి సన్నకుంచె తీసుకుని, తన పద్ధతిలో, కొంచెం సినిమా పోస్టరు వాసనతో రాశాడు. మా అక్కయ్యకు ఎంతో నచ్చాయి. మా బావగారు మాత్రం చీటీలు అంటిస్తే ఇంత ఆలస్యమయ్యేది కాదన్నారు. అదీ నిజమే.

ఇక పెదనాన్నగారు. కవరు చేతిలో పెడితే కళ్ళజోడు సవరించుకుని, తుగ్రా చూసి, పేరు చూసి, "వాహ్" అన్నారు. ఖాళీ చోటు చూపించి కాతిబు మాట చెప్పాను. మొహం ముడుచుకుంది. "ఇంత చక్కటి రాత పక్కన నా కోడికాళ్ళు ఎందుకు?" అన్నారు. రెండు రోజులు కవరు బల్లమీద అలాగే ఉంది. మూడోనాడు పొద్దున్నే, మేమెవరమూ లేవకముందు, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేశారు. ఎర్రసిరా దొరకక ఇంట్లో ఉన్న నీలం బాల్‌పాయింటు పెన్నుతో! అక్షరాలు చలికి వణుకుతున్నట్టున్నాయి. ఒకచోట పెన్ను జారి గీత తుగ్రా వైపు పరుగెత్తింది.

మలక్‌పేటకు నేనే తీసుకువెళ్ళాను. స్నేహితుడాయన వరండాలో నవారు మంచంమీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో ఆయన కోడలు చెవిలో గట్టిగా చెప్పింది. కవరు అందుకుని దూరంగా పట్టుకుని చూశాడు. తుగ్రామీద కళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ దానిమ్మరంగు నస్తాలీఖును మెచ్చుకుంటాడనుకున్నాను. దాన్ని పట్టించుకోనే లేదు. అడుగున నీలం గీతల దగ్గరికి వచ్చి, భూతద్దం తెమ్మన్నాడు. వేలితో ఒక్కొక్క అక్షరమూ తడుముతూ, పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"నూన్‌కు నుక్తా పెట్టలే సూడు," అన్నాడు కోడలితో, భూతద్దం తీయకుండానే. "బళ్ళె గూడ గంతే. మాస్టరు గీయినె చెవు ఎన్నిసార్లు మెలిపెట్టిండో!"